పాతకాపుకూ కొత్తవాడికీ సరితూగే పందెము

(సంఘము వారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు గోల్ఫు ఆట గురించి మాట్లాడుతామంటే కార్యదర్శిగారు మా ముఖము వంక ఒకసారి చూసి నవ్వినారు. రైల్వే గుమాస్తాకూ గోల్ఫుకూ ఏమి చుట్టరికమని వారి సందేహము. సందేహము న్యాయమైనదే. మేము చెప్పదలచినది బంతిని ఎట్లా కొట్టవలెనన్న సంగతి కాదు. ఆటలో ఆరితేరినవాడూ, నిన్ననో మొన్ననో కర్ర పట్టినవాడూ పందెము వేసుకుంటే, ఆ పందెము న్యాయముగా ఉండేటట్లు చేయడమెట్లా అన్నది మా విషయము. ఈ చిక్కును లోకములో అన్ని ఆటలవారూ ఎదుర్కొన్నారు గాని, దానికి లెక్కకట్టి మరీ మందు కనిపెట్టినవారు గోల్ఫు ఆటగాళ్ళు. ఆ మందు మనకూ పనికివస్తుందని మా నమ్మకము.

మనమున్న బెంగుళూరుకు గోల్ఫు కొత్తది కాదు. ఇక్కడి గోల్ఫు క్లబ్బు 1876 లో ఏర్పడినది. మన దేశములో ఇంతకన్నా పాతది కలకత్తాది, 1829 నాటిది. చాలకాలము ఆ మైదానములు మనబోటివారికి కంచె అవతలి పచ్చికగానే ఉండేవి. ఇప్పుడు కాలము మారినది. మన పిల్లలు చదువుకొని పెద్ద కంపెనీలలో చేరుతున్నారు. ఆదివారము ఉదయము పై అధికారి ఫోను చేసి "రావోయ్, ఒక ఆట ఆడుదాము" అంటే కాదనలేక వెళ్ళుతున్నారు. అక్కడ ఆటతోపాటు చిన్న పందెము కూడ ఉంటుంది.

మాకు తెలిసిన ఒక కుర్రవాడు అట్లాగే వెళ్ళినాడు. కర్ర పట్టి నాలుగు నెలలు. అవతలివారు ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నవారు. "సరదాకే, గుంటకు వంద రూపాయలు, ఎవరికీ ఏ రాయితీ లేదు, సరిసమానంగా ఆడుదాము" అన్నారట. కుర్రవాడికి ఆ మాట మర్యాదగా వినిపించినది. పద్ధెనిమిది గుంటలలో పదహారు ఓడినాడు. డబ్బు పోయినందుకు అతడు అంతగా బాధపడలేదు గాని, తరువాత నవ్విన నవ్వు తలచుకొని మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. సరిసమానమన్న మాటలోనే అన్యాయము దాగి ఉన్నదని అతడికి ఎవరూ చెప్పలేదు. నలుగురికీ చెప్పవలెనని ఈనాటి మా ప్రయత్నము.

ఆరితేరినవాడితో తెలియనివాడు పందెమాడడమంటే మనకు వెంటనే గుర్తుకు వచ్చేది ధర్మరాజు. శకుని పాచికలలో అందె వేసిన చేయి. ధర్మరాజుకు జూదము మీద ప్రీతి ఉన్నది గాని నేర్పు లేదు. పైగా పణమొడ్డినవాడు దుర్యోధనుడు, పాచికలు వేసినవాడు శకుని. ఒకరికోసము మరొకరు ఆడడము తగదని ధర్మరాజు ఆక్షేపించినాడు కూడ. ఆక్షేపించి, తిరిగి కూర్చున్నాడు. ఆ తరువాత కథ మనకందరికీ తెలిసినదే.

కాని అరణ్యపర్వములో దీనికి జవాబు వంటి కథ ఒకటున్నది. బృహదశ్వ మహర్షి ధర్మరాజుకు నలుని కథ చెప్పుతాడు. పుష్కరునితో జూదమాడి రాజ్యము పోగొట్టుకొన్న నలుడు, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని వద్ద సారథిగా ఉంటాడు. ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్రచెట్టును చూసి దాని ఆకులు, కాయలు ఎన్నో లెక్క చెప్పుతాడు. నలుడు తనకు తెలిసిన అశ్వహృదయము ఇచ్చి, ఆయన వద్ద అక్షహృదయము నేర్చుకొంటాడు. ఆ తరువాతనే పుష్కరుని మళ్ళీ పందెమునకు పిలిచి రాజ్యము గెలుచుకొంటాడు. కథ ముగించి మహర్షి ధర్మరాజుకూ ఆ విద్య ఉపదేశిస్తాడు. దీనివల్ల మనకు తెలిసేదేమంటే, నేర్పులో అంతరమున్నంతవరకూ పందెము పందెము కాదు. అంతరమును నేర్చుకొని పూడ్చవలెను, లేదా లెక్కకట్టి పూడ్చవలెను. మొదటిదానికి ఏళ్ళు పడుతుంది. రెండవదానికి ఒక సాయంత్రము చాలు.

ఇదే ప్రశ్న స్కాట్లండు దేశములో కూడ పుట్టినది. గోల్ఫు ఆ దేశపు ఆట. 1687 లో ఎడింబరోలో థామస్ కింకెయిడ్ అనే వైద్యవిద్యార్థి తన దినచర్య పుస్తకములో గోల్ఫు గురించి వ్రాసుకొంటూ ఈ సందేహము కూడ వ్రాసుకొన్నాడు. బలహీనుడైన ఆటగాడికి ఆటలోనే కొంత ముందంజ ఇచ్చి పందెపు సొమ్ము సమానముగా ఉంచడము మంచిదా, లేక ఆట సమానముగా ఆడి, బలవంతుడు మూడు పాళ్ళు, బలహీనుడు ఒక పాలు సొమ్ము ఒడ్డడము మంచిదా? మూడు వందల ఏళ్ళు దాటినా ప్రశ్న ఇంకా పచ్చిగానే ఉన్నది.

రెండవ పద్ధతిని ముందుగా పరిశీలిద్దాము. కొత్తవాడు నాలుగు ఆటలలో ఒకటి గెలవగలడనుకొందాము. అతడు 10 రూపాయలు, పాతకాపు 30 రూపాయలు ఒడ్డితే, కొత్తవాడు మూడుసార్లు ఓడి 30 పోగొట్టుకొంటాడు, ఒకసారి గెలిచి 30 తెచ్చుకొంటాడు. లెక్క సరిపోయినది. అయితే నిజమైన కొత్తవాడు నాలుగింట ఒకటి ఎక్కడ గెలుస్తాడు? నూటికి ఒకటి గెలవడమే కష్టము. అప్పుడు పాతకాపు 990 ఒడ్డవలెను. అంతకు ఎవరూ ఒప్పుకోరు. గెలుపన్నదే లేనప్పుడు ఎంత సొమ్ము ఒడ్డినా ప్రయోజనము లేదు, సున్నాను దేనితో హెచ్చవేసినా సున్నాయే గదా. అదీగాక, మైదానములో ఆట చప్పబడుతుంది. మూడవ గుంటకే ఫలితము తెలిసిపోయిన ఆటను పద్ధెనిమిదవ గుంట దాకా ఈడ్వడము ఇద్దరికీ శిక్షే.

అందుచేత లోకము మొదటి పద్ధతినే పట్టుకొన్నది. దానికే హాండికాప్ అని పేరు. ఆ మాట పుట్టుక వినదగినది. ఇంగ్లండులో పూర్వము టోపీలో చేయి పెట్టే బేరము ఒకటుండేది. ఇద్దరు తమ వస్తువులు మార్చుకొనదలచినప్పుడు మూడవవాడు మధ్యవర్తిగా కూర్చుండి, తక్కువ ఖరీదు వస్తువు గలవాడు పైన ఎంత చేర్చవలెనో చెప్పేవాడు. ముగ్గురూ తలా కొంత రుసుము వేసేవారు. ఇద్దరు బేరగాళ్ళూ టోపీలో చేతులు పెట్టి, ఇష్టమైతే పిడికిట నాణెముతో, కాకుంటే వట్టిచేతితో బయటకు తీసేవారు. ఇద్దరి మాట ఒకటైతే, అది ఔనైనా కాదైనా, రుసుము మధ్యవర్తికి. ఒకడు ఔనని, ఒకడు కాదంటే, ఔనన్నవాడికి. చూసినారా, ఒకరి వైపు మొగ్గి చెపితే మధ్యవర్తికి నష్టము. ఇద్దరికీ ఒకే విధముగా తోచేటట్లు తూచి చెపితేనే లాభము. ఆ మాట తరువాత గుర్రపు పందెములకు పాకినది. మంచి గుర్రము మీద ఎక్కువ బరువు వేసి పరిగెత్తించడమే అక్కడి హాండికాప్. అక్కడి నుంచి గోల్ఫుకు వచ్చినది.

గోల్ఫు తెలియనివారి కోసము నాలుగు మాటలు. బంతిని కర్రతో కొట్టుకొంటూ పోయి గుంటలో పడవేయవలెను. సెయింట్ ఆండ్రూస్ మైదానము 1764 లో 18 గుంటలకు కుదిరినది, నేడు అదే లోకమంతటా వాడుక. ఎవరు తక్కువ దెబ్బలలో ముగిస్తే వారు గెలిచినట్లు. ప్రతి గుంటకూ నేర్పరి ఎన్ని దెబ్బలలో ముగించవలెనో ఒక లెక్క ఉన్నది, దానిని పార్ అంటారు. అది సాధారణముగా 3, 4, లేక 5. మొత్తము చాల మైదానములలో 72 ఉంటుంది.

ఇక హాండికాప్ అంటే మా గూడ్సు ఆఫీసులో పనిచేసినవారికి క్షణములో అర్థమవుతుంది. సరుకుతో నిండిన వాగనును తూకపు వంతెన మీద పెడితే వచ్చేది గ్రాస్. వాగను ఒంటి బరువు టేర్, అది దాని పక్కనే వ్రాసి ఉంటుంది. గ్రాస్ లోంచి టేర్ తీసివేస్తే సరుకు బరువు, అదే నెట్. గోల్ఫువారు కూడ గ్రాస్, నెట్ అన్న ఈ మాటలనే వాడుతారు. ఆడిన మొత్తము దెబ్బలు గ్రాస్. అతడి హాండికాప్ టేర్ వంటిది. తీసివేస్తే మిగిలినది నెట్. వేరువేరు వాగనులలో వచ్చిన సరుకును పోల్చవలెనంటే నెట్టే చూడవలెను గాని, గ్రాస్ చూసి పోల్చేవాడిని మా ఆఫీసులో ఎవరూ గుమాస్తా అనరు. ఇంట్లో ఆడవారికి మరో ఉదాహరణ. నూనె గిన్నెతో వెళితే కొట్టువాడు ముందుగా ఖాళీ గిన్నెకు సరిపడే రాయి అవతలి తట్టలో వేస్తాడు. ఆ రాయి ఎవరికీ దానమివ్వడము లేదు. తూకము నిజము చెప్పడానికి వేసినది.

ఆ రాయి ఎంత బరువుండవలెను? పూర్వము స్కాట్లండులో దానిని అందాజుగా వేసేవారు. రెండు గుంటలకు ఒక దెబ్బ వదలడము, మూడు గుంటలకు ఒక దెబ్బ వదలడము వంటి వాడుకలుండేవి. తరువాత దేశానికొక లెక్క పుట్టినది. 2020 లో ఆరు వేర్వేరు పద్ధతులను కలిపి ప్రపంచ హాండికాప్ పద్ధతి అని ఒకటే చేసినారు. దానిలోని ముఖ్యాంశములు ఇవి.

కొత్తవాడు ముందుగా 54 గుంటలు, అంటే మూడు పూర్తి ఆటలు ఆడి, చీటీలు సాక్షి సంతకముతో దాఖలు చేయవలెను. ఏదో ఒక గుంటలో బంతి ఇసుకలో చిక్కి 15 దెబ్బలైతే అది యథాతథముగా వ్రాయరు. హాండికాప్ రానివాడికి గుంటకు పార్ మీద 5 దెబ్బలకు మించి లెక్కకు తీసుకోరు. మామూలు కష్టము గల, 72 రేటింగు గల మైదానములో మనవాడు 118, 112, 109 దెబ్బలు ఆడినాడనుకొందాము. అన్నిటిలోకి మంచిది 109. దానిలోంచి 72 తీసివేస్తే 37. మూడే చీటీలున్నప్పుడు అందులోంచి మరి 2 తగ్గిస్తారు. అతడి సూచిక 35. గరిష్ఠము 54. చీటీలు పెరిగేకొద్దీ లెక్క మారుతుంది. ఇరవై చీటీలున్నవాడికి అందులో మంచి ఎనిమిదింటి సగటు తీస్తారు.

ఇక్కడ ఒక మెలిక గమనించవలెను. సగటు తీసేది మంచి ఆటలకు, అన్ని ఆటలకూ కాదు. కనుక హాండికాప్ అనేది మనిషి మామూలుగా ఆడేది చెప్పదు, బాగా ఆడిన రోజున ఆడగలది చెప్పుతుంది. ఎవరైనా తన హాండికాప్ కు తగినట్లు ప్రతిరోజూ ఆడలేరు. కొత్తవాడి ఆట పాతకాపు ఆటకన్నా ఎక్కువ ఊగిసలాడుతుంది, అతడి మంచి రోజుకూ చెడ్డ రోజుకూ దూరమెక్కువ. కాబట్టి ఇద్దరి మధ్య పూర్తి రాయితీ ఇచ్చినా పాతకాపుకే వెంట్రుకవాసి మొగ్గు మిగులుతుంది. "నీకు అన్ని దెబ్బలు ఇచ్చినాను, ఇంకేమి కావలెను?" అని పాతకాపు గొణిగితే ఈ మాట జ్ఞాపకము చేయవచ్చును.

మైదానము కష్టమైనదైతే కొత్తవాడు ఎక్కువ నష్టపోతాడు. నీళ్ళూ ముళ్ళపొదలూ పాతకాపును అంతగా బాధించవు. అందుకని ప్రతి మైదానానికీ స్లోప్ అనే అంకె ఒకటున్నది. అది 55 నుంచి 155 వరకు. మామూలుది 113. ఆటగాడి సూచికను మైదానపు స్లోప్ తో హెచ్చవేసి 113 తో భాగించవలెను. మైదానపు రేటింగుకూ పార్ కూ తేడా ఉంటే అదీ చేర్చుతారు, లెక్క తేలిక కోసము ఆ రెండూ ఒకటే అనుకొందాము. పాతకాపు సూచిక 8, మనవాడిది 35. స్లోప్ 126 గల మైదానములో పాతకాపుకు 9, మనవాడికి 39 వస్తుంది. మామూలు మైదానములో 27 ఉన్న అంతరము ఇక్కడ 30 అయినది. ఈ మూడు దెబ్బలు తెలియక పందెములు పోగొట్టుకొనేవారు ఉంటారు.

ఈ 30 దెబ్బలు ఎక్కడ వాడుకోవలెను? గుంటలకు కష్టమును బట్టి 1 నుంచి 18 వరకు వరుస సంఖ్యలు చీటీ మీదనే అచ్చువేసి ఉంటవి. 30 లో 18 దెబ్బలు గుంటకు ఒకటి చొప్పున పోతవి. మిగిలిన 12 కష్టములో మొదటి 12 వరుస గల గుంటలలో రెండవ దెబ్బగా దక్కుతవి. అటువంటి గుంటలో పాతకాపు 4 కొడితే, మనవాడు 6 కొట్టినా గుంట సమానమే, 5 కొడితే గెలుపు మనవాడిదే. ఇది గుంటగుంటకూ గెలుపోటములు చూసే ఆట.

మొత్తము దెబ్బలు లెక్కించే ఆట వేరు. అందులో హాండికాప్ కు నూటికి 95 పాళ్ళే ఇస్తారు. పాతకాపుకు 8, మనవాడికి 37. పాతకాపు 82 కొడితే నెట్ 74. మనవాడు తన మంచి రోజున 110 కొడితే నెట్ 73. ఒక్క దెబ్బతో మనవాడు గెలిచినాడు. 110 దెబ్బలవాడు 82 దెబ్బలవాడిని గెలిచినాడంటే వినడానికి వింతగా ఉంటుంది గాని, ఆ రోజున ఎవరు తమ సత్తాకు దగ్గరగా ఆడినారన్నది చూస్తే న్యాయమే.

అయినా కొత్తవాడికి మా సలహా, మొత్తము దెబ్బల ఆటలో పందెము ఒప్పుకోవద్దు. ఒక గుంటలో 12 పడితే రోజంతా పడిన శ్రమ నీటిపాలు. గుంటల ఆటలో ఎంత ఘోరముగా ఆడినా పోయేది ఆ ఒక్క గుంటే. మరో మార్గము స్టేబుల్‌ఫోర్డ్ పాయింట్ల ఆట. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే వైద్యుడు కల్పించిన ఈ పద్ధతితో 1932 లో ఇంగ్లండులోని వాలసీ క్లబ్బులో పోటీ జరిగినది. రాయితీ తీసివేసిన తరువాత పార్ కొడితే 2 పాయింట్లు, ఒకటి ఎక్కువైతే 1, ఒకటి తక్కువైతే 3. రెండు ఎక్కువైతే సున్నా, ఇక బంతి చేత పట్టుకొని తరువాతి గుంటకు నడవవచ్చును. కొత్తవాడి మానమూ, వెనుక వేచి ఉన్నవారి ఓపికా రెండూ దక్కుతవి.

మూడు చీటీలు కూడ లేని అచ్చపు కొత్తవాడి సంగతి ఏమిటి? దానికీ ఉపాయమున్నది. పార్ 3 వి రెండు, 4 వి రెండు, 5 వి రెండు, మొత్తము ఆరు గుంటలను మధ్యవర్తి రహస్యముగా ఎంచి కాగితము మీద వ్రాసి మడిచి ఉంచుతాడు. ఆట ముగిసిన తరువాత కాగితము విప్పి, ఆ ఆరు గుంటలలో పార్ మీద ఎన్ని దెబ్బలు ఎక్కువైనవో చూసి, మూడుతో హెచ్చవేసి, అందులో నూటికి 80 పాళ్ళు ఆ రోజుకు హాండికాప్ గా ఇస్తారు. పియోరియా పద్ధతి అంటారు. ఏ గుంటలో ఏడవవలెనో, ఏ గుంటలో మెరవవలెనో ఎవరికీ తెలియదు గనుక మోసమునకు చోటు తక్కువ. అదృష్టము పాలు కొంత ఎక్కువే. సరదా పోటీకి బాగుంటుంది, పెద్ద పందెమునకు పనికిరాదు.

మోసమన్నాము గనుక అది కూడ చెప్పవలెను. పాతకాపులలో కొందరు కావాలని చెడ్డ చీటీలు దాఖలు చేసి, హాండికాప్ పెంచుకొని, పందెము నాడు సింహములై లేస్తారు. తూకపు రాయిలో సీసము పోసిన కొట్టువాడికీ వీరికీ భేదము లేదు. ఈ జబ్బుకు పద్ధతిలోనే మందున్నది. తన సూచికకన్నా 7 గాని అంతకన్నా ఎక్కువగాని మెరుగైన ఆట ఎవరైనా ఆడితే సూచికలో 1, 10 గాని అంతకు మించిగాని మెరుగైతే 2 వెంటనే కోసివేస్తారు. కొత్తవాడి విషయములో ఇది మోసము కాకపోవచ్చును, నిజముగా నేర్చుకొంటూ ఉండవచ్చును. నేర్చేవాడి ఆట నెలనెలకూ మారుతుంది. కనుక ఇద్దరే తరచుగా ఆడుకొనే స్నేహితులు ఒక చిన్న నియమము పెట్టుకొంటే మంచిది. ఈసారి గెలిచినవాడికి తరువాతి ఆటలో ఒక దెబ్బ తగ్గించవలెను. అట్లా పోతూ ఉంటే పది ఆటలలో తూకము దానంతటదే నిలుస్తుంది, ఎవరికీ నోరు నొచ్చదు.

ఇక సొమ్ము మాట. గోల్ఫులో నసా పందెము అని ఒకటి ప్రసిద్ధము. న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలండులోని నసా క్లబ్బు పేరు మీదుగా వచ్చినది. మొదటి 9 గుంటలకు ఒక పందెము, చివరి 9 గుంటలకు ఒకటి, మొత్తమునకు ఒకటి. వంద రూపాయల నసా అంటే పోయేది గరిష్ఠము మూడు వందలు. తడబడి మొదలుపెట్టినవాడికి రెండవ సగములో మళ్ళీ ఆశ ఉంటుంది గనుక కొత్తవాడికి అనుకూలమే. అయితే దీనికి తోక ఒకటున్నది. రెండు గుంటలు వెనుకబడినవాడు మిగిలిన గుంటలకు కొత్త పందెము తెరవవచ్చునని వాడుక. పోయినది రాబట్టవలెనన్న ఆవేశములో ఒకదాని మీద ఒకటి తెరుస్తూ పోతే, మూడు వందలనుకొన్నది ఎంత అవుతుందో ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పేటప్పుడు గాని తెలియదు. ధర్మరాజు చేసినదీ అదే. కాబట్టి మొదటి బంతి కొట్టకముందే ఈ రోజుకు ఇంతకు మించి లేదని ఒక హద్దు గీసుకోవలెను.

గోల్ఫు నియమములు చేసే సంస్థలు కూడ పందెమును పూర్తిగా కాదనలేదు, హద్దులలో ఉంచినవి. ఆడేవారు ఒకరికొకరు తెలిసినవారై ఉండవలెను. పాల్గొనడము ఎవరి ఇష్టము వారిది కావలెను. గెలుచుకొనే సొమ్ము ఆడేవారు వేసుకొన్నదే కావలెను. ముఖ్యోద్దేశము ఆటలోని ఆనందమే కావలెను. అధికారి పిలిస్తే కాదనలేక ఆడే పందెము ఇందులో రెండవ నియమమునకు నిలవదని పిల్లలు గుర్తుంచుకోవలెను. మన దేశములో 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను ప్రకారము పందెపు ఒప్పందము చెల్లదు. గెలిచిన సొమ్ము ఇప్పించమని కోర్టుకు పోవడానికి వీలులేదు. జూదమును గూర్చి రాష్ట్రముల చట్టములు వేరుగా ఉన్నవి. ఇవన్నీ చూస్తే కాఫీ టిఫిను పందెమే అన్నిటికన్నా క్షేమము. ఓడినవాడు కూడ పక్కన కూర్చుండి తినవచ్చును.

ఇంతసేపు పచ్చిక మైదానములో తిప్పి, ఇప్పుడు మన హాలులోకి తీసుకువస్తున్నాము. మన సంఘము ఏటా ఉగాదికి కారమ్సు, చదరంగము, బాడ్మింటన్ పోటీలు పెట్టుతున్నది. బహుమతి పుచ్చుకొనేవారి పేర్లు అందరికీ కంఠస్థమే. వారు నేర్పరులు, వారి మీద మాకు గౌరవమున్నది. అయితే ఈమధ్య కొత్తగా ఈ ఊరు వచ్చిన కుటుంబముల పిల్లలు పేర్లు ఇవ్వడము మానివేసినారు. మొదటి రౌండులో ఒక తరము నుంచి ఇక్కడే ఆడుతున్నవారికి ఎదురుపడి, అయిదు నిమిషములలో ఓడి, మధ్యాహ్నమంతా గోడకు చేరబడి నిలబడడము ఎవరికి ఇష్టము? కొందరు పెద్దలు జాలిపడి, "చిన్నవాడులే, ఆటలో అరటిపండు, ఆడనివ్వండి" అంటారు. అరటిపండుగా ఆడడము అంతకన్నా కష్టము. వాడు ఓడినా లెక్కలేదు, గెలిచినా లెక్కలేదు. హాండికాప్ ఇచ్చి ఆడిస్తే వాడు నిజమైన ఆటగాడు. గెలిస్తే గెలుపు, ఓడితే ఓటమి.

అన్ని ఆటలకూ ఇది అక్కరలేదు. అష్టాచెమ్మాలోనూ వైకుంఠపాళిలోనూ గవ్వలూ పాచికలే పెద్దరికము చేస్తవి గనుక బామ్మగారూ మనమరాలూ పుట్టుకతోనే సమానులు. నేర్పు ఏలే ఆటలకే తూకము కావలెను. కనుక కార్యవర్గమువారికి మా మనవి ఇది. వచ్చే సంవత్సరము పోటీలకు ముందుగా ప్రతివారిచేత మూడు ఆటలు ఆడించి, పుస్తకములో వ్రాయండి. కారమ్సులో 25 పాయింట్ల ఆటకు అంతరమును బట్టి కొత్తవాడికి అయిదో పదో పాయింట్లు ముందుగా ఇవ్వండి. చదరంగములో నేర్పరి ఒక గుర్రమునో ఏనుగునో తీసి ఆడవచ్చును, లేదా గడియారములో అతడికి తక్కువ నిమిషములు ఇవ్వవచ్చును. బాడ్మింటన్‌లోనూ పాయింట్లే. గెలుస్తూ పోయేవారికి రాయితీ తగ్గిస్తూ రండి. నేర్పరులకు రాయితీ లేని పోటీ ఒకటి వేరుగా ఉండనే ఉండవలెను, వారి కీర్తికి లోటు రాకూడదు.

రాయిని నిర్ణయించే పని మాత్రము ఆడేవారికి అప్పగించవద్దు. టోపీ బేరములో వలె మూడవవాడు కావలెను. రెండు వైపులా చుట్టరికము లేనివారు, లెక్క తప్పనివారు, ఇద్దరు పెద్దలను ఎన్నుకోండి. పుస్తకము వ్రాసే చాకిరీ మాకు అప్పగిస్తే సంతోషముగా చేస్తాము. గ్రాస్, టేర్, నెట్ వ్రాయడము మాకు రోజూ ఉన్న పనే.

మనలో కొందరి కుటుంబములు ఎన్నో తరములుగా ఈ కన్నడదేశములో ఉన్నవి. కొందరు నిన్నటి బండిలో దిగినారు. ఈ ఊరి భాష, ఈ ఊరి వీధులు, ఈ ఊరి మనుషులు పాతవారికి తెలిసినంత కొత్తవారికి తెలియవు. ఇల్లు వెతకడములో గాని, బడిలో సీటు అడగడములో గాని, పాతవారు రెండు దెబ్బలు వదులుకొని ఆడితే కొత్తవారి చేయి కుదురుకొంటుంది. కుదురుకొన్న తరువాత రాయితీ ఎవరూ అడగరు. రేపు వచ్చేవారికి వారే ఇస్తారు.

 అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. భోజనములు సిద్ధమైనవని సైగ చేస్తున్నారు గనుక సెలవు తీసుకుంటున్నాము.